పాండన్న సంతకం

ఇస్నాపూర్‌లోని ఆ మేడ గది ఇక చాలడం లేదు.

నలుగురు పిల్లలతో మొదలైన యవ్వనస్థుల కూడిక ఆరేళ్లలో నూట నలభైకి పెరిగింది. ఆదివారం సాయంత్రం సగం మంది మెట్ల మీదే కూర్చుని పాటలు పాడుతున్నారు. ఈ గది కూడా నెలాఖరుకు ఖాళీ చేయాలి. పటాన్‌చెరులో ఒక హాలు దొరికింది కానీ, కూడిక పెట్టిన మనిషే సంతకం చేయాలని ఓనరు పట్టుబట్టాడు. ఈ రోజు ఆరింటిలోగా కాగితం అందకపోతే హాలు గోదాముకు ఇచ్చేస్తాడు.

ఉన్న ఉద్యోగం వదిలేసి ఈ కూడిక పెట్టింది పాండు. ఇన్నేళ్లలో దేని మీదా సంతకం చేయలేదు. స్కూళ్లకు రాసే ఉత్తరాలైనా, పిల్లలకిచ్చే సర్టిఫికెట్లయినా కూడిక పనుల్లో తోడుండే సునందక్కే చేసేది. అది అతని వినయమని పెద్దవాళ్లు మెచ్చుకునేవారు. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పాండన్నకు వేలిముద్ర తప్ప రాదని పిల్లలు ఆటపట్టించేవారు.

కాగితం తెచ్చింది తనుశ్రీ. ఆ మొదటి నలుగురిలో ఒకమ్మాయి. అప్పుడు ఎనిమిదో తరగతి. ఆమె తండ్రి బాలప్ప గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో ట్యాంకు కడగడానికి దిగి, ఊపిరాడక పోయాడు. మిగతా ముగ్గురి తండ్రులూ ఆయన్ను పైకి లాగబోయి అందులోనే పోయారు. దినాలు కాకముందే బియ్యం సంచి మోసుకుని ఆ నాలుగిళ్లకూ వెళ్లింది పాండు ఒక్కడే.

"సునందక్కను పెట్టమను," అన్నాడు పాండు.

"ఓనరు ఒప్పుకుంటలేడన్నా." తనుశ్రీ పెన్ను మూత తీసి అతని చేతిలో పెట్టింది. "ఏంది, గింత దానికి చెమటలు వడుతున్నయ్? నిజంగనే రాదా ఏంది?"

మెట్ల మీద పిల్లలు నవ్వారు.

అతను నవ్వలేదు. ఈ పిల్లకు చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాడు. ప్రతిసారీ ఆమే ముందుగా ప్రార్థన చేయమని అడిగేది. చేసేవాడు. మాట లోపలే ఉండిపోయేది.

"అన్నా," గొంతు తగ్గించింది తనుశ్రీ. "మా నాయిన పోయినంక ఎట్లున్నరని అడిగినోడు లేడు. కంపెనోళ్లు ఒక్కరన్న రాలే. నువ్వొచ్చినవ్. నీ పేరు లేని హాల్ నాకొద్దు."

ఆరు కావస్తోంది. పాండు పెన్ను కాగితానికి ఆనించాడు. చెయ్యి కదల్లేదు.

అతను ఆఖరిసారి సంతకం పెట్టింది ఆరేళ్ల క్రితం, మీటరు పెట్టి చూడకుండానే, బాలప్ప దిగబోయే ట్యాంకులో విషవాయువు లేదని రాసివున్న కాగితం మీద.