అధ్యక్షుల వారి చేపల చారు

ప్రచురణ విభాగం అధికారి ఫబ్రీసియో కంపెనీ వార్షిక నివేదికను, దాని పేజీలు కట్టిన యాదిరా బల్ల మీదికి విసిరికొట్టాడు.

"మూడో పేజీ చదువు."

ఆమెకు చదవాల్సిన పనిలేదు. పైన కంపెనీ అధ్యక్షుడు దోన్ తెయొదోరో నవ్వుతున్న ఫోటో. దాని కింద 'గౌరవనీయులైన వాటాదారులకు' అన్న శీర్షిక. ఆ కింద యాదిరా అమ్మమ్మ చేపల చారు కాచే పద్ధతి. కర్రపెండలం మెత్తగా ఉడికాక చేపను విడదీసి వెయ్యాలి, ఉల్లిపాయలకు నిమ్మరసం బాగా పట్టించాలి. చివర అధ్యక్షుడి సంతకం. ఈ పుస్తకం నిన్ననే గ్వాయకిల్ నగరంలోని వాటాదారులందరికీ చేరిపోయింది.

"రొయ్యలు అమ్ముకునే కంపెనీ మనది. అధ్యక్షుడు చేపల చారు కాచుకోమంటున్నాడు. నీకసలు బుర్రుందా?"

"అధ్యక్షుల వారి సందేశం ఏటా ఆఖరి రోజుకి గానీ రాదు. అందాకా ఖాళీ జాగాలో ఏదో ఒకటి నింపి పేజీలు కట్టుకుంటాం. పేజీలు కట్టే వాళ్ళంతా చేసేదే. సందేశం రాగానే మార్చి, ఆ ఫైలు మీ చేతికే ఇచ్చాను సార్."

"మరి ఈ చారు ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"మీ ముద్దుల సాఫ్ట్‌వేర్‌లోంచి."

యాదిరాకు ఒళ్ళు మండిపోతోంది. నలభై పేజీలు దాటితే ఆ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది. నూట ఇరవై పేజీల నివేదికను ముక్కలు చేసుకుని, చివర్లో అతకాలి. అతికింది ఫబ్రీసియోనే. కంగారులో పాత ముక్క పెట్టి అతికాడు. పుస్తకమంతా ఒకే ఫైల్లో ఉండే సాఫ్ట్‌వేర్ కొనమని ఆమె ఎంత మొత్తుకుందో ఆఫీసులో అందరూ ఎరుగుదురు. అతనేమో రంగురంగుల నమూనా పేజీలు చూసి మురిసిపోయి దీన్ని కొన్నాడు.

"దోన్ తెయొదోరో ఇప్పుడే ఫోన్ చేస్తానన్నారు. మనిద్దరిలో ఒకరి ఉద్యోగం ఊడినట్టే. ఈ సాఫ్ట్‌వేర్ ఎంచుకుంది నువ్వని చెప్పేస్తాను."

"సిగ్గు లేదూ మీకు?"

"సిగ్గు పెట్టి ఇంటద్దె కట్టలేను."

"నేను కట్టేది మాత్రం అద్దె కాదా? నోరు విప్పి చూడండి, ఆయనకే అంతా చెప్తాను."

"చెప్పు. నీ మాట నమ్ముతాడా, నా మాట నమ్ముతాడా చూద్దాం."

ఫోన్ మోగింది. ఫబ్రీసియో చొక్కా సర్దుకుని స్పీకర్ నొక్కాడు.

"ఫబ్రీసియో, నా సందేశం చూశావా?"

"చూశాను సార్. తలెత్తుకోలేకపోతున్నాను. అంతా యాదిరా నిర్వాకం. ఆ వంటకం రాసింది ఆమె. ఆ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నదీ ఆమే. నేను వద్దంటే వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను."

"అబద్ధం," అంది యాదిరా. ఫోన్ మీదికి వంగింది. "సార్, నేను చెప్పేది..."

"నువ్వాగు తల్లీ. అంతా ఆమే చేసిందా ఫబ్రీసియో? నీ ప్రమేయమేమీ లేదా?"

"ఇసుమంత కూడా లేదు సార్. ఒట్టు."

అవతల కుర్చీ కిర్రుమంది. యాదిరా బల్ల సొరుగు లాగి తన వస్తువులు సంచిలో వేసుకోవడం మొదలుపెట్టింది. చేతికందిన స్కేలు నేలకేసి కొట్టింది.

"ఇన్నేళ్ళుగా సందేశాలు రాస్తున్నాను," అన్నాడు దోన్ తెయొదోరో. "ఒక్కడూ చదివిన పాపాన పోలేదు. ఇవాళ పొద్దుట్నుంచి చారు బ్రహ్మాండమంటూ వాటాదారులు ఫోన్ కింద పెట్టనివ్వడం లేదు. బ్యాంకు మేనేజరైతే రెండో వాయి కూడా కాచాడట, మన అప్పు గడువు పెంచుతానన్నాడు. వద్దన్నవాడివి నువ్వన్నమాట. అయితే రేపట్నుంచి నీ కుర్చీలో ఆ అమ్మాయిని కూర్చోమను."