అవతలి కొస

బోటు కదలబోతుంటే ఒక పెద్దాయన గబగబా వచ్చి ఎక్కాడు.

"ఇదేంటి సరంగూ, బోటు మా ముగ్గురికేగా మాట్లాడుకున్నాం!" అన్నాడు మెకానిక్.

"అప్పుడప్పుడూ వస్తుంటాడు బాబూ. ఓ మూల కూర్చుంటాడు, మీకేం అడ్డు రాడు" అన్నాడు బోటు నడిపే సరంగు.

పెద్దాయన ఇంజను పక్కన ఒదిగి కూర్చున్నాడు.

మెకానిక్, బండోడు, టైలర్ చిన్నప్పటి స్నేహితులు. పనులకు సెలవు పెట్టి, సాయంత్రానికల్లా తిరిగి రావాలని నడిసముద్రంలో చేపల వేటకు బయలుదేరారు.

ఇద్దరు సరదాకి వచ్చారు. టైలర్ మాత్రం నాన్న కోసం వచ్చాడు.

అతను అమ్మ కడుపులో ఉండగానే నాన్న పడవ మునిగింది. ఇద్దరు వెళితే ఒక్కరే తిరిగొచ్చారు. ఆ ఒక్కరూ నాన్న కాదు. వచ్చినాయన అమ్మకు ముఖం చూపించలేక ఊరే వదిలిపోయాడట.

నాన్న గొంతు ఎలా ఉండేదో, చివర్లో ఏమన్నాడో చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. ఆయనెలాగూ దొరకడు. కనీసం ఆ చోటైనా చూపించు స్వామీ అని పొద్దున దండం పెట్టుకున్నాడు టైలర్.

ఒడ్డు కనుమరుగయ్యాక సరంగు దగ్గరికి చేరాడు. "అన్నా, పూర్వం ఇటు ఒక పడవ మునిగిందట..."

సరంగు చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "నీళ్ల మీద ఆ మాట అనకూడదు తమ్ముడూ. మాలో ఎవరూ అనరు. ఒడ్డెక్కాక అడుగు, చెబుతా."

మధ్యాహ్నం ఒకచోట ఇంజను ఆపారు. గాలాలు వేయడమే ఆలస్యం, చేపలు ఎగబడ్డాయి.

"ఇదేం చోటురా, చేపల ఊరు!" బండోడు గెంతాడు. బోటు ఊగింది.

"నువ్వు గెంతకు నాయనా, చేపలే మనల్ని పడతాయి!" అన్నాడు మెకానిక్.

పెద్దాయన కూడా దారం వదిలాడు. దాని చివర సీసం గుండు తప్ప గాలపు ముల్లు లేదు.

"తాతా, ముల్లు మర్చిపోయావు!" అన్నాడు బండోడు.

"మర్చిపోలేదు బాబూ. గుండుకి సముద్రం అడుగు తగిలితే చాలు నాకు."

దారం బిగిసింది. నాడి చూసే వైద్యుడిలా దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని కళ్లు మూసుకున్నాడు పెద్దాయన. చాలాసేపటికి టైలర్ వైపు తిరిగాడు.

"కాస్త పట్టుకుంటావా బాబూ? వేళ్లు తిమ్మిరెక్కాయి."

"ఆ కొయ్యకి కట్టెయ్యండి పెద్దాయనా."

"కట్టకూడదు. చేత్తోనే పట్టుకోవాలి. కాసేపే."

టైలర్ చెయ్యి చాపబోయాడు.

"ఏడాదంతా దారమే, సెలవునాడూ దారమేనట్రా!" అన్నాడు మెకానిక్. బండోడు పడీ పడీ నవ్వాడు.

టైలర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నా గాలానికేదో పడ్డట్టుంది" అని అటు తిరిగాడు. ఏమీ పడలేదు.

పెద్దాయన దారం రెండో చేతికి మార్చుకున్నాడు.

ఒడ్డు చేరేసరికి పొద్దు వాలింది. అందరికంటే ముందు దిగి, పెద్దాయన జనంలో కలిసిపోయాడు.

స్నేహితులు చేపలు పంచుకుంటుంటే టైలర్ సరంగు పక్కన కూర్చున్నాడు. "ఇప్పుడు చెప్పన్నా. ఆ పడవ ఎక్కడుంది?"

"మనం ఆగిన చోటే. మునిగిన పడవ చేపలకి ఇల్లవుతుంది. అందుకే అన్ని పడ్డాయి."

టైలర్ సముద్రం వైపు తిరిగాడు. దేవుడు అడిగిన చోటుకే తీసుకెళ్లాడు. అక్కడున్నప్పుడే ఒక్క మాట చెవిన వేస్తే ఆయన సొమ్మేం పోయేది?

"మరి ఆ ముసలాయన ముల్లెందుకు కట్టలేదు?"

"ఆ చేపల్ని పట్టడు. అవి తన నేస్తం ఇంట్లోవాళ్లట."

టైలర్ దిగ్గున లేచాడు. "ఎక్కడుంటాడన్నా ఆయన?"

"ఎవరికీ చెప్పడు. ఒంట్లో ఓపిక లేదు, ఇదే ఆఖరుసారి అన్నాడు పొద్దున."

టైలర్ జనంలోకి చూశాడు. అన్నీ తెలియని వీపులే.

సరంగు తాడు చుడుతూ అన్నాడు: "పడవ పోయాక ఇద్దరూ ఒకే తాడు చెరో కొసా పట్టుకుని ఈదారట తమ్ముడూ, ఒడ్డు చేరింది ఈయన కొస ఒక్కటే."