ఉడుత కట్టిన ఫీజు

ఒక అడవిలో ఒక ఉడుత మూడేళ్ళు గుడ్లగూబ దగ్గర చెట్ల చదువు, జీవుల చదువు చదివింది. రోజుకో గింజ ఫీజు కట్టింది. చివరికి గుడ్లగూబ గోటితో గీసిన మోదుగాకును పట్టాగా ఇచ్చింది.

ఆ పట్టా పట్టుకుని ఉడుత పని కోసం అడవంతా తిరిగింది. గూళ్ళు అల్లే గిజిగాడికి పిట్టలన్నీ ధాన్యం ఇచ్చేవి. ఆకుల పేర్లు చెప్పినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. తోటి ఉడుతలు తొర్రల నిండా తిండి దాచుకున్నాయి. దీని తొర్రలో ఆ ఆకు ఒక్కటే ఉంది. పలకరించే దిక్కు కూడా లేదు.

"ఆ గింజలు తింటూ కూర్చున్నా మూడేళ్ళు గడిచేవి కదే," అనేది కాకి.

వానల ముందు ఆకలికి తాళలేక, ఫీజు వెనక్కి అడుగుదామని ఉడుత గురువు చెట్టు దగ్గరికి వెళ్ళింది. వేడుక చూద్దామని కాకి కూడా దాని వెంట వెళ్ళింది. గుడ్లగూబ ఎప్పుడో చనిపోయింది. గుడ్లగూబలు గింజలు తినవని చదివి కూడా, కట్టేటప్పుడు ఉడుతకు ఆ సంగతి తోచలేదు. గురువు తినక వదిలేసిన ఫీజంతా చెట్టు కింద మొలిచి ఉంది.

"అన్నీ పిచ్చిమొక్కలే," అంది కాకి.

"కాదక్కా. ఇది నేరేడు, అది పాలచెట్టు. కాపుకు ఇంకా ఎనిమిదేళ్ళు పడుతుంది."

"అప్పటికి నువ్వుంటావా?"

"ఉండను. ఉడుతల ఆయుష్షు కూడా చదువుకున్నాను. నువ్వుంటావు. కాకులు కలకాలం బతుకుతాయి. జింకలు మేయకుండా చూసుకో."

కాకి వచ్చి ఉడుత పక్కన వాలింది.

"ఆ మొదటిదాని పేరేమన్నావు? మళ్ళీ చెప్పవే, మర్చిపోతాను."