మట్టిగోడ వెనక

“సారు, కారొస్తంది” అంది చాంది.

భాస్కర్ బాట వైపు ఒక్కసారి చూసి, నడుమెత్తు లేచిన మట్టిగోడ వెనక చటుక్కున కూర్చున్నాడు. యజమాని తన ఇంటి గోడ వెనకే దాక్కోవడం పదిహేనేళ్ల మేస్త్రి పనిలో చాంది ఎన్నడూ చూడలేదు.

ఆమెకు పాత సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట వేంసూరు దగ్గర ఇలాగే ఒక మట్టిల్లు ఒప్పుకుంది. భూమి తగాదాలో ఉందని ఆ యజమాని చెప్పలేదు. పని మధ్యలో ఆపించారు. కప్పు పడని గోడలు వానలకు కరిగిపోయాయి. తగాదా సంగతి జనం మరిచిపోయారు, గోడలు కరిగిన సంగతి మరవలేదు. అప్పటి నుంచి ఆమెను పనికి పిలిచినవాడు ఈ భాస్కర్ ఒక్కడే. అడవి అంచున ఈ ఇల్లు కూడా ఆగిపోతే ఇక తాపీ అటకెక్కినట్టే.

కారు ఆగింది. మెడలో గుర్తింపు కార్డు వేలాడుతున్న మనిషి దిగాడు.

“ఏమ్మా, ఈ ఇల్లెవరిది?”

“ఒక సారుది.”

“ఆ సారుకు పేరుండదా?”

“ఉంటది. నేను గోడ పెట్టేటందుకొచ్చిన, పేరు పెట్టేటందుకు కాదు.”

అతను నవ్వలేదు. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. వేదిక మీద శాలువా కప్పుకుని, చేతిలో పెద్ద షీల్డుతో భాస్కర్.

“ఈయన ఇటు వచ్చాడా? పొద్దుటి నుంచి ఫోనెత్తడం లేదు.”

ఇంకో రెండడుగులు వేస్తే గోడ అవతలి మనిషి కనిపిస్తాడు. చాంది సున్నం తొట్టిలో పార వేసి గట్టిగా తిప్పింది. చుక్కలు ఎగిరాయి.

“దూరముండు సారు. కండ్లల్ల పడితే దవాఖానకు పోవాలె. గీయన్ను నేను చూడలే.”

అతను వెనక్కి జరిగాడు. గోడను రెండు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు.

దుమ్ము అణిగినా చాంది పార వదల్లేదు. “లే సారు. నిజం చెప్పు. నీ మీద కేసున్నదా?”

“లేదు.”

“భూమి నీదేనా?”

“మా నాన్నగారి నుంచి వచ్చింది. కాగితాలు చూపిస్తాను.”

“మరి దొంగలెక్క దాక్కునుడేంది? మా మంగీలాల్ మొదటి దినమే అన్నడు, గీయన కాడ ఏదో తిరకాసున్నదని. మొగని మాట ఇనకపోతి.”

భాస్కర్ మోకాళ్ల మట్టి దులుపుకున్నాడు.

“కిందటి మేలో మా అమ్మ పోయింది. శ్లాబు కింద గది. నాలుగు రోజులు కరెంటు లేదు. పొద్దుగూకాక కూడా గోడ మీద చెయ్యి ఆనించలేకపోయాం. అడిగినప్పుడల్లా నీళ్లిచ్చాను. నాలుగో రోజు అడగలేదు.”

చాంది పార కింద పెట్టింది.

“ఆ జూన్‌లో కారేపల్లి దగ్గర మీ తండాకు వచ్చాను, గుర్తుందా చాందమ్మా? మిట్టమధ్యాహ్నం. మీ ఇంట్లో ఫ్యాను తిరగడం లేదు. మట్టిగోడకు వీపు ఆనిస్తే చల్లగా తగిలింది. మీ అత్త ఒక మూల హాయిగా నిద్రపోతోంది. మా పాపను ఇంకో ఎండాకాలం ఆ శ్లాబు కింద పడుకోబెట్టకూడదని అప్పుడే అనుకున్నాను.”

“ఉగాదికి పెంకులెక్కిస్తం సారు. చూరు ఇంత బారు దించుత, వాన గోడను ముట్టది” అంది చాంది మెల్లగా. తర్వాత అతని ముఖంలోకి చూసింది. “గని ఒక్కటి చెప్పు. భూమి నీది, ఇల్లు నీది, బిడ్డ నీది. గింత మంచి పనికి గంత భయమేంది? గా వచ్చినోడెవడు?”

“మా కంపెనీ మనిషి.”

“ఏం కంపెనీ?”

భాస్కర్ తడిగోడ మీద అరచెయ్యి ఆనించి, తల తిప్పకుండానే చెప్పాడు.

“సత్తుపల్లిలో సిమెంటు డీలర్‌ని నేనే.”