చెవిలో మాటసాయం

తలకు దెబ్బ తగిలి జ్ఞాపకం పోయినవారిని ఆ రోజుల్లో చెవిలో మాటసాయం అనే చిన్న యంత్రం అమర్చి ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేవారు. ఎదుటి మనిషెవరో, ఏమని పలకరించాలో అది గుసగుసగా చెప్పేది.

"హైమా, నీ కాఫీ అమృతమే," అన్నాడు అలా ఇంటికొచ్చిన నరహరి.

హైమవతికి ఒళ్ళు మండింది. పెళ్ళయిన నాటి నుంచి ఆయన కాఫీని మెచ్చుకున్న పాపాన పోలేదు. ఈ ప్రేమ మనిషిదా, యంత్రానిదా? తేల్చుకోనిదే మనసు నిలిచేలా లేదు. చెయ్యి చాచి ఆ యంత్రాన్ని ఊడదీసింది.

నరహరి బెదిరిపోయాడు. "మీరు... ఎవరండీ?"

ఆమె లేవబోయింది. ఆయన కొంగు పట్టుకున్నాడు.

"పేరు తోచడం లేదు. మీరు మాత్రం వెళ్ళకండి."

ఆ మాట ఎవరూ అందించింది కాదు.

"ఎక్కడికి పోతానండీ, ఉంటాను," అంటూ హైమవతి పక్కనే కూర్చుంది. మళ్ళీ అమర్చాలో వద్దో తేలని యంత్రం ఆమె పిడికిట్లో చెమటకు తడుస్తోంది.