గూడబాతు సారె

వలస పక్షుల కాళ్లకు మాట్లాడే కడియాలు తొడిగాక, ఏ పక్షి ఎప్పుడు ఎగరాలో ఆ కడియాలే చెబుతున్నాయి. పురిటికి పుట్టింటికొచ్చినట్టు ఏటా ఎర్రమ్మ పెరటి చింతచెట్టెక్కే గూడబాతు, ఆమె మేపిన చేపలకు ఒళ్లు చేసి, సముద్రపు ఒడ్డున చతికిలబడింది.

“బరువెక్కువ. ప్రయాణం రద్దు,” అంది కడియం.

మంద అప్పటికే తీరం వెంట సాగిపోతోంది.

“ఇంకా మేపు!” నవ్వాడు మొగుడు దాలినాయుడు. “మందతోటి అల్లుడుగోరు దీన్ని ఒగ్గేసి ఎల్లిపోతన్నాడు.”

ఎర్రమ్మ చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని ఇసుకలో పరుగందుకుంది. “రా తల్లీ, రా!”

గూడబాతు రెక్కలు టపటపలాడిస్తూ వెంటపడి, తాటిచెట్టంత ఎత్తు లేచిపోయింది. ఎర్రమ్మ నెత్తి తడుముకుంటే బుట్ట లేదు.

“బరువెక్కువ! బరువెక్కువ!” పైనుంచి కడియం గోల.

“అరవనీ,” అన్నాడు దాలినాయుడు. “ఆడపిల్ల సారె ఒగ్గేసి ఎల్తాదేటే?”