ఉప్పుకోటలో ‘నేను’

రేపల్లె నుంచి తెనాలి దాకా రైల్లో జ్యోత్స్న ఎవరితోనూ మాట్లాడలేదు. భట్టిప్రోలులో ఎక్కిన పెద్దావిడ "కాస్త జరుగమ్మా" అంటే జరిగింది, అంతే.

నిన్న పొద్దున ఫోను వచ్చింది. చేసింది జకరయ్యగారు. తెనాలిలో పుస్తకాలు అచ్చువేసే పెద్దాయన. ఈ ఏడాది నవలల పోటీ పెట్టింది ఆయనే.

"మీ ‘ఉప్పుకోట’ చివరి వడపోత దాకా వచ్చిందమ్మా. కానీ ఒక చిక్కొచ్చి పడింది. అదే కథ ఇంకొకరు కూడా పంపారు. రుక్సానా అని, బాపట్ల నుంచి. ఇద్దరూ ఒకసారి రండి."

రుక్సానా!

పదహారేళ్ళ స్నేహం. బాపట్ల కాలేజీ హాస్టల్లో ఒకే గది, ఒకే కంచం. సాయంత్రాలు సూర్యలంక ఒడ్డున కూర్చుని లవణ గురించి గంటల తరబడి చెప్పుకునేవాళ్ళు. సముద్రపు పోటును చేత్తో ఆపగల పిల్ల లవణ. ఆ పిల్ల ఏలే రాజ్యం ఉప్పుకోట. పెళ్ళయ్యాక రుక్సానా వాటి ఊసే ఎత్తలేదు. రెండేళ్ళ కిందట జ్యోత్స్న ఉండబట్టలేక అడిగింది కూడా.

"ఏమే, ఇక కథలూ అవీ లేనట్టేనా?"

"ఇల్లూ పిల్లలతోనే సరిపోతోందే. నా వల్ల కాదు. వదిలేశా."

ఆ మాట విన్నాకే జ్యోత్స్న పెన్ను పట్టింది. ఐదు నెలలు. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, పొయ్యి మీద కూర పడేసి ఒక పేజీ. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పది పేజీలు. మధ్యవేలు కాయకాసింది. ‘నేను లవణను’ అని మొదటి వాక్యం రాసిన రోజు ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళకు తనకంటూ ఒకటి దొరికిందనిపించింది.

వదిలేశానని నోటితో చెప్పి, చాటుగా ఇంత పని చేస్తుందా?

జ్యోత్స్న వెళ్ళేసరికి రుక్సానా జకరయ్యగారి గదిలో కూర్చునే ఉంది. బల్ల మీద రెండు ప్రతులు.

"కథ ఒకటే. పేర్లూ అవే. కోటకు మెట్లు కూడా ఇద్దరికీ నూటపదకొండే" అన్నారు జకరయ్యగారు. "తేడా అల్లా ఒకటే. మీ నవలలో లవణ తన కథ తనే చెప్పుకుంటుంది. ఈ అమ్మాయి నవలలో బయటినుంచి ఎవరో ‘ఆమె’ అంటూ చెబుతారు."

జ్యోత్స్న ఆగలేకపోయింది. "వదిలేశానన్నావుగా! ఒక్క మాట చెప్పాలనిపించలేదటే నీకు?"

"వదిలేశానే" అంది రుక్సానా. "అమ్మీ మంచాన పడింది. పొద్దుపోవట్లేదు, ఏదన్నా చెప్పవే అంది. చెబుతూ చెబుతూ మళ్ళీ రాశా."

"పోటీకి పంపమని కూడా అమ్మీయే చెప్పిందా?"

రుక్సానా బల్ల మీది జ్యోత్స్న ప్రతిని తీసుకుని పేజీలు తిప్పుతూ కూర్చుంది. కన్నీళ్ళు కాగితం మీద పడకుండా చున్నీతో ఒత్తుకుంది. "నేనేం చెప్పను సార్. దాన్నే చెప్పమనండి" అంది చివరికి.

జ్యోత్స్న చెప్పింది.

"మంత్రాలూ మాయలూ ఉన్న కథను జనం నమ్మాలంటే ‘నేను’ అనాలి సార్. పోటు వచ్చి చేతికి తగిలి ఆగిందంటే, ఆ చెయ్యి నాదై ఉండాలి. ‘ఆమె’ అంటే పక్కింటావిడ సంగతి చెప్పుకున్నట్టుంటుంది. ప్రాణం ఉండదండి. అసలుదేదో చదివితే మీకే తెలుస్తుంది."

"బాగా చెప్పారమ్మా." జకరయ్యగారు మనస్ఫూర్తిగానే అన్నారు. "నాకూ అలాగే అనిపించింది. మీదే మొదటి బహుమతి అనుకున్నాను. పన్నెండో అధ్యాయం దాకా."

కళ్ళద్దాలు సర్దుకుని పేజీ తీశారు.

"ఇక్కడ లవణ విషం తాగి మూడు రోజులు ఒళ్ళు తెలియకుండా పడి ఉంటుంది. ఆ మూడు రోజులూ కోట బయట శత్రువులు ఏం మంతనాలాడారో, దొడ్డిదారి తలుపు ఎవరు తీశారో ఎనిమిది పేజీలు రాశారు. అద్భుతంగా ఉంది. కానీ ‘నేను’ అనే మనిషికి స్పృహే లేదు కదమ్మా. మరి అదంతా చూసిందెవరు?"

రుక్సానా అప్పుడు తలెత్తి జ్యోత్స్న కళ్ళలోకి చూసింది.

నిఖాకు ముందురోజు ‘అత్తారింట్లో చూస్తే బాగోదే, నీ దగ్గర దాచిపెట్టు’ అంటూ రుక్సానా తను రాసి తెచ్చి ఇచ్చిన ఏడు నోటుపుస్తకాల్లో, లవణను ‘ఆమె’ అన్న ప్రతిచోటా ‘నేను’ అని మార్చి రాసుకుంటూ పోయిన జ్యోత్స్నకు, అప్పుడు ఆ ఎనిమిది పేజీల్లో మార్చడానికి ‘ఆమె’ ఒక్కటీ కనిపించలేదు.